వెనక వరసకు మేత పెడుతున్నదెవరు

జల్లెడలో తెల్లటి పెచ్చు దగ్గర ఆగాం మనం. గోరంత పెచ్చు. మేత కంపెనీ నుంచి వచ్చిన పరీక్షల ఆవిడ తలుపు పక్క ట్రేలోని పురుగుల్ని జల్లించింది. నల్లటి పొట్టు కిందికి రాలిపోయింది. పురుగులు మిగిలాయి. పురుగుల మధ్య కదలకుండా ఆ పెచ్చు కూడా మిగిలింది. ఆవిడ దాన్ని చిన్న పట్టకారుతో పైకెత్తి, కిటికీ వెలుతురుకు పెట్టి, "ఇదేమిటి?" అని అడిగింది. షెడ్డులో ఉన్న కోడలూ, ఆమె మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. తెలుసుకోవాల్సింది కొంచెమే. ఈ ఇంటివాళ్లది పురుగుల పెంపకం. వింటే ఒళ్లు జలదరిస్తుంది గానీ నాలుగు రోజులు చూస్తే అలవాటైపోతుంది. మార్కెట్లో పారబోసే కుళ్లిన టమాటాలూ, వాడిన ఆకులూ, నలిగిన పళ్లూ వ్యానులో ఇక్కడికి చేరతాయి. వాటిని నూరి ట్రేల్లో పోస్తారు. ఒక జాతి నల్ల ఈగ పిల్లలు, నూకంత ఉన్నవి, వాటిని తిని తిని చిటికెన వేలి కణుపంత అవుతాయి. అప్పుడు ఎండబెట్టి పొడి చేస్తే చేపలకూ కోళ్లకూ మేత. ఇన్నాళ్లూ ఆ మేత కోసం సముద్రంలోంచి చిన్న చేపల్ని తోడి పొడికొట్టేవాళ్లు. చేపల చెరువులు దేశదేశాలా పెరిగాయి, తోడటానికి సముద్రంలో చేప తగ్గింది. అందుకే ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు పురుగుల కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాయి.

ఈ ఆలోచన కోడలిది. ఆమె అంతకుముందు కూరగాయలు ఏరే హాల్లో పని చేసేది. కదిలే పట్టీ ముందు నిలబడి, నిటారుగా ఉన్న దోసకాయను ఒక పక్కకూ వంకరదాన్ని ఇంకో పక్కకూ తోసేది. వంకరది ఏం పాపం చేసిందో ఆమెకు ఎన్నాళ్లకూ బోధపడలేదు. సాయంత్రానికి పారబోతకు పోయే గుట్ట, బండికెక్కే గుట్ట కంటే పెద్దదయ్యేది. ఆ గుట్టను చూసీ చూసీ ఈ షెడ్డు పెట్టించింది. కంపెనీవాళ్లు ఏడాది పొడుగునా సరుకు తీసుకుంటామంటే షెడ్డు నిలుస్తుంది. కాదంటే తలుపులు మూసి, ఆమె మళ్లీ ఆ పట్టీ ముందు నిలబడాలి. కంపెనీవాళ్ల షరతు ఒక్కటే. పురుగులు తినేది మొక్కల నుంచి వచ్చిందే అయి ఉండాలి. మాంసం, చేప, గుడ్డు, ఎంగిలి ఏదీ తగలకూడదు.

ఇక ఆ పెచ్చు సంగతి.

"గోడ సున్నం రాలి ఉంటుంది మేడమ్," అన్నాడు మరిది. "ఇది పాత ఐసు ఫ్యాక్టరీ. గోడలు ముట్టుకుంటే రాలతాయి."

మరిదికి ఇంట్లో మీటరని పేరు. షెడ్డులో వేడికో మీటరు, తేమకో మీటరు, గాలికో మీటరు పెట్టిన మనిషి. ఆఖరికి మంచినీళ్ల కుండకు కూడా ఒకటి పెట్టబోతే వాళ్లమ్మ గరిటె చూపించింది. తనకు పేరు పెట్టిన లోకం మీద కసి తీర్చుకోవాలన్నట్టు అతనూ కనిపించినవాళ్లకల్లా పేర్లు పెడతాడు. పరీక్షల ఆవిడ వచ్చి సంచీలోంచి జల్లెడ తీసిన నిమిషంలోనే ఆవిడ పేరు జల్లెడ అయిపోయింది. ఆవిడకు వినబడకుండా, వదినకు మాత్రం వినబడేలా.

జల్లెడ దేన్నయినా ముందు వాసన చూసి తర్వాత కళ్లతో చూస్తుంది. పెచ్చును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సున్నం వంకర తిరగదు. దీనికి లోపల సన్నటి పొర కూడా ఉంది, చూడండి. ఇది గుడ్డు పెంకు."

"మార్కెట్ చెత్తలో కలిసొచ్చిందేమో," అన్నాడు మీటరు. ఈసారి గొంతు తగ్గింది.

"అలాగైతే అన్ని వరసల్లోనూ ఉండాలిగా. చూద్దాం."

ఆవిడ మధ్య వరసలో ట్రే లాగి జల్లించింది. ఏమీ లేదు. ఇంకోటి. ఏమీ లేదు. తర్వాత వెనక గోడ వరసకు నడిచింది. కోడలు వెంటే వెళ్లింది. కళ్లు ఆవిడ చేతుల్ని వదల్లేదు. పనివాళ్ల చేతులు చూడటం ఆమెకు హాల్లో పడిన అలవాటు. ఈ చేతులు తొందరపడవు, వెనక్కీ తగ్గవు.

వెనక వరస ట్రేను ఎత్తబోయి జల్లెడ ఆగిపోయింది. అది ఆవిడ అనుకున్నంత తేలిగ్గా లేవలేదు. పొట్టు తొలగించి చూసింది. పురుగులు బలిసి, నున్నగా, లేత తేనె రంగులో ఉన్నాయి. మిగతా ట్రేల్లోవి వీటి పక్కన పెడితే సవతి పిల్లల్లా ఉంటాయి.

"ఇవి వేరే జాతా?"

"కాదండీ. అన్నీ ఒకే విడత గుడ్లలోంచి వచ్చినవే," అంది కోడలు.

"వేడిగాలి మేడమ్," అన్నాడు మీటరు, మళ్లీ గొంతు పెంచి. "నేను గోడ వెంట గొట్టం వేశాను. వెనక వరసకి గాలి సమంగా తగులుతుంది. అందుకే."

కోడలికి ఈ మాట ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. గొట్టం మధ్య వరస మీదుగా కూడా పోతుంది. అక్కడ పురుగులు ఎందుకు బలవలేదో మరిదిని అడిగితే, 'గాలికి దాని లెక్కలు దానికుంటాయి వదినా' అంటాడు.

జల్లెడ వెనక వరసలో పెంకు కోసం వెతికింది. దొరకలేదు. అయినా ఆ ట్రేను వెంటనే లోపలికి తొయ్యలేదు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. "నేను చాలా దేశాల్లో షెడ్లు చూశాను," అంది, ఎవరితో అన్నట్టూ కాకుండా. తర్వాత వరస చివర గోడలో ఉన్న ఇనప తలుపును చూసింది. పెయింటు పొరలు పొరలుగా లేచిపోయి, తుప్పు తాళం వేలాడుతున్న తలుపు.

"దాని వెనక ఏముంది?"

"ఏం లేదు మేడమ్. ఐసు దిమ్మలు గడ్డకట్టించే ఉప్పునీళ్ల తొట్టి ఉండేదట. తాళం చెవి పోయిందని ఓనరు చెప్పాడు. మేం ఎప్పుడూ తియ్యలేదు."

జల్లెడ తలాడించి చేతులు కడుక్కుంది. "తలుపు పక్క వరసలో మాత్రమే గుడ్డు పెంకు. అంటే అది లారీలోనో వ్యానులోనో వచ్చింది కాదు. ఎవరి చేతి మీదుగానో వచ్చింది. ఎదురుగా టీ కొట్టుంది కదా, వెళ్లి తాగి వస్తాను. ఈలోపు మీలో మీరు మాట్లాడుకోండి. నిజం మీరు చెబితే మీ మాటగా రాసుకుంటాను. లేకపోతే నాకు కనబడిందే రాసుకుంటాను."

ఆవిడ వెళ్లగానే మీటరు ఫోను తీశాడు.

"కెమెరా ఉందిగా వదినా, ఎందుకు భయం. నెల రోజుల నుంచి ఈ తలుపు లోంచి ఈగ దూరినా ఇందులో పడుతుంది."

"ఈగల షెడ్డులో ఈగ దూరితే పట్టుకోవడానికి పెట్టావా కెమెరా?"

"జోకులు తర్వాత." అతను వేలితో బొమ్మల్ని పైకి తోస్తూ పోయాడు. "ఇదిగో పిల్లి. ఇది ఎలక. ఇది మళ్లీ ఆ పిల్లే, ఎలక కోసం. ఇది కరెంటు మీటరు చూసేవాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అంతే. మనిషన్నవాడు లోపలికి రాలేదు వదినా."

"నేను రోజూ వస్తున్నాగా. నేనేదీ?"

మీటరు వేలు ఆగింది.

"నువ్వు కనపడవు."

"ఏం, నేను మనిషిని కానా?"

"అది కాదు. మొదట్లో మనం తలుపు తీసినప్పుడల్లా ఫోను మోగి చచ్చేవాళ్లం. కంటి మీద కునుకు ఉండేది కాదు. అందుకని దానికి మన మొహాలు నేర్పించా. వీళ్లు మనవాళ్లు, వీళ్లొస్తే చప్పుడు చెయ్యకు, బొమ్మ కూడా తియ్యకు అని."

"అంటే దొంగ ఇంట్లోవాళ్లైతే?"

అతను తల గోక్కున్నాడు. "చక్కగా వచ్చి పోవచ్చు. దండం కూడా పెడుతుంది."

కోడలికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆలోచించింది. కెమెరా కళ్లు మూసుకునేది నలుగురికి. తను కాదు. మరిది కాదు. అతను పురుగును ముట్టుకోవాలంటే చేతికి రెండు తొడుగులు వేసుకుంటాడు. భర్త వ్యానుతో తిరుగుతుంటాడు. వచ్చి దింపి పోతాడు. మిగిలింది ఒక్క మనిషి. రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి ఇద్దరికీ ముందు గదిలో పెట్టి, 'మీరు తింటూ ఉండండి, నేను పిల్లల్ని చూసొస్తా' అని లోపలికి వెళ్లే మనిషి.

పిల్లలంటే పురుగులు.

అనుకునేంతలో ఆ మనిషే గుమ్మంలో కనిపించింది. అత్త క్యారియరును చంకనెత్తుకున్నట్టు పట్టుకుంది. ఎప్పటిలాగే ముందు చెప్పులు విడిచి, ప్లాస్టిక్ తొడుగులు కాళ్లకు వేసుకుని మరీ వచ్చింది. శుభ్రం విషయంలో ఆవిడకు ఎవరూ వంక పెట్టలేరు.

"ఎదురు కొట్లో టీ తాగుతోందే, సంచీ ఆవిడ, ఆవిడేనా మీ పరీక్షల మనిషి? ఎండిపోయి ఉంది పాపం. ఇంట్లో ఎవరూ పెట్టరు కాబోలు. ఇంకో గిన్నెడు తెచ్చేదాన్ని కదా, ముందు చెబితే."

"అత్తయ్యా, ఇలా ఇవ్వండి," అంది కోడలు.

క్యారియరు అందుకుంది. బల్ల మీద పెట్టి ఒక్కో గిన్నె విడదీసింది. కింది రెండూ వాళ్లకు. అన్నిటికంటే పైనున్న చిన్న గిన్నె మీద చెయ్యి వెయ్యబోతే అత్త చెయ్యి అడ్డం వచ్చింది.

"అది నాది."

"మీరు ఇంటి దగ్గర తినే వస్తారుగా అత్తయ్యా."

"ఒకరోజు తింటా, ఒకరోజు తినను. నా తిండి మీద కూడా మీటరు పెట్టారా ఏంటి?"

కోడలు మూత తీసింది. నిన్నటి కూర. అందులో నలిపిన గుడ్లు, కొన్ని పెంకులతో సహా. పక్కన ఒక చేప తలకాయ, ఇంకా రెండు కళ్లతో పైకి చూస్తూ.

కాసేపు ముగ్గురూ ఆ చేప తలకాయనే చూశారు. మీటరు తేరుకుని వెంటనే మూత పెట్టేశాడు.

"వదినా, విను. గిన్నె వ్యానులో పెట్టేద్దాం. మార్కెట్లోంచే వచ్చిందని చెబుదాం. ఏ గుడ్లబండివాడో పగిలినవి మన కుప్పలో పడేశాడు. ఆవిడ నమ్మకపోతే ఏం చేస్తుంది? ఎవరూ చూడలేదు. కెమెరా కూడా చూడలేదు."

"చూడకూడనిది నేనేం చేశానురా?" అంది అత్త.

కోడలికి ఏరే హాలు గుర్తొచ్చింది. బాగున్న కాయల కింద కుళ్లినదాన్ని దాచి పెట్టె బిగించేవాళ్లు ఉండేవాళ్లు. పెట్టె కదిలిపోయేది, వాళ్ల గుండెలు కుదుటపడేవి. కానీ ఆ పెట్టెను ఎక్కడో ఎవరో విప్పుతారు. విప్పినవాళ్లకు ముందు చెయ్యి తడుస్తుంది. ఆ తడిసే చెయ్యి ఎవరిదో కోడలు చాలాసార్లు ఆలోచించింది.

ఆమె గుమ్మంలోకి వెళ్లి టీ కొట్టు వైపు చెయ్యెత్తింది.

జల్లెడ వచ్చి గిన్నె చూసింది, వాసన చూసింది, పక్కన పెట్టింది. ముఖంలో ఏ మార్పూ లేదు. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మీరేనా మా పిల్లల్ని జల్లిస్తున్నది?"

"నేనేనమ్మా. మీరేనా వాటికి గుడ్లు పెట్టింది?"

"నేనే. అయితే ఏం? తలుపు పక్క ట్రేలు ఎప్పుడు చూసినా ముడుచుకునే ఉంటాయి. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి ముందు వాటికే కొడుతుంది. వీడు గొట్టం వేశాడు, గొట్టం అక్కడిదాకా రాలేదు. లోపలున్నవి నున్నగా ఉంటే, ఇవి పాలు మానేసిన పిల్లల్లా ఉంటాయి. నా చేతి కింద బతికేది ఏదైనా సరే, పక్కదానికంటే తక్కువ తింటే నాకు ముద్ద దిగదు. పెట్టా. మిగిలిందే పెట్టా, ఎవరి నోటి దగ్గరిదీ లాక్కుని పెట్టలేదు."

"పెట్టకూడదని మీకెవరూ చెప్పలేదా?"

"ఎంగిలి పెట్టొద్దన్నారు. ఇది ఎంగిలి కాదుగా, మిగిలింది." అత్త కొడుకు వైపు చూసింది. "గుడ్డు పెట్టొద్దని చెప్పావురా నువ్వు?"

మీటరు నేల చూశాడు. చెప్పానని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. చెప్పింది ఫోనులో మెసేజి రూపంలో. అత్త ఫోను వంటింటి గూట్లో చెక్కపెట్టె కింద ఉంటుంది, కాలు వంకరైన ఆ పెట్టె ఊగకుండా.

జల్లెడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంతసేపటికి మొదటిసారి కూర్చోవడం.

"అమ్మా, మీ పురుగు ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుందో మీకు తెలుసా?"

"కంపెనీకి."

"తర్వాత?"

అత్త ఆలోచించింది. తెలియదని ఒప్పుకోవడం ఆవిడకు అలవాటు లేని పని. "చెప్పు," అంది చివరికి.

"పొడి అవుతుంది. సంచుల్లోకెక్కి ఓడ ఎక్కుతుంది. ఎక్కడో ఒక ఒడ్డున వలల్లో పెంచే చేపలకు వేస్తారు. ఆ చేప మంచులో పడుకుని ఇంకో దేశం పోతుంది. అక్కడ ఎవరో కొని, ఇంటికి తీసుకెళ్లి వండి, పిల్లలకు ముల్లు తీసి పెడతారు. మీ గిన్నెలో గుడ్డుకి జబ్బేమీ లేకపోవచ్చు. కానీ జబ్బున్న గుడ్డు ఎప్పుడో ఒకటి వస్తుంది. అది పురుగులో దాక్కుని, చేపలో దాక్కుని అంత దూరమూ పోగలదు. దారిలో ఎవరూ ఆపలేరు. ఆపగలిగేది ఇక్కడే, ఈ ట్రే దగ్గరే. అందుకే నేను జల్లెడ మోసుకు తిరుగుతున్నాను."

మీటరు చప్పున తలెత్తాడు. ఆవిడ జల్లెడ అన్నది చేతిలో వస్తువునేనని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు.

అత్త కళ్లు గిన్నె మీదున్నాయి గానీ చూస్తున్నది గిన్నెను కాదు. ఈ షెడ్డు గుమ్మం దాటి, ఓడెక్కి, పేరు తెలియని ఊళ్లో ఎవరి వంటింట్లోకో తొంగి చూస్తున్నట్టు ఉంది.

"ముల్లు తీసి పెడతారా?" అంది.

"పిల్లలకు తీసే పెడతారు, ఎక్కడైనా."

"నా చేతి ముద్ద అంత దూరం పోతుందని నాకు తెలీదు." అత్త చీర కొంగుతో నుదురు తుడుచుకుంది. "పురుగుకి పెట్టాననుకున్నా. పురుగు దగ్గర ఆగిపోతుందనుకున్నా. అమ్మాయ్, ఆ తలుపు పక్క వరస తీసి పారెయ్. అంతా తీసెయ్. నేనే ఎత్తిస్తా."

"పారెయ్యక్కర్లేదు. మొక్కలకు ఎరువుగా వాడుకోవచ్చు. మేతకు మాత్రం పనికిరాదు," అంది జల్లెడ. ఒక ఎర్ర టేపు చుట్ట తీసి కోడలికి ఇచ్చింది. తన చేత్తో తనే అంటించమన్నట్టు. కోడలు తలుపు పక్క వరస ఈ చివరి నుంచి ఆ చివరికి టేపు లాగింది. కంపెనీకి పంపాలని వాళ్లు పెంచినదాంట్లో మూడో వంతు ఆ టేపు వెనక్కి పోయింది.

"మిగతావి?" అని అడిగింది.

"మధ్య వరస శుభ్రం. కానీ నా మాట పూర్తి కాలేదు." జల్లెడ వెనక గోడ వైపు చూసింది. "వెనక వరస. అవి బలిసిన తీరు చూస్తే వాటికి అందరికంటే ఎక్కువ అందినట్టుంది. పెంకు దొరకలేదు గానీ, మెత్తటిది పెడితే జల్లెడలో మిగలదు. అమ్మా, అక్కడ కూడా పెట్టారు కదా? అదీ పోతే నేను ఈ షెడ్డుని ఒప్పుకోలేను."

"పెట్టలేదు," అంది అత్త.

"అత్తయ్యా, ఉన్నదున్నట్టు చెప్పండి," అంది కోడలు.

"సగం ఒప్పుకున్నదాన్ని మిగతా సగం ఎందుకు దాస్తానే? బక్కవాటికి పెట్టా గానీ బలిసినవాటికి ఎందుకు పెడతా? నాకేం పిచ్చా? అయినా వాటికి పెట్టే మనిషి వేరే ఉన్నాడుగా."

మీటరు రెండు చేతులూ పైకెత్తాడు. "నేను కాదు."

"నువ్వెందుకవుతావు. నువ్వు గాలి పెడతావు." అత్త కోడలి వైపు తిరిగింది. "మీ ఆయన."

కోడలు టేపు చుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి నోట పొడవాటి మాట విన్నది తక్కువ. వ్యాను, మార్కెట్, ఇల్లు. పొద్దున ఒక 'వస్తా', రాత్రి ఒక 'వచ్చా'. ఆ రెండిటి మధ్యా ఏదైనా ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

"మీరెప్పుడు చూశారు?"

"ఒక రోజు నేను గిన్నెతో అటువైపు వెళితే, వాడు ఇటువైపు సంచితో నిలబడి ఉన్నాడు. చిన్న గోనె సంచి. అందులోంచి పిడికెడు పిడికెడు తీసి వెనక ట్రేల్లో చల్లుతున్నాడు. నేను వాడి సంచి చూశా, వాడు నా గిన్నె చూశాడు."

"ఏమన్నాడు?"

"'తిన్నావా అమ్మా' అన్నాడు. 'నువ్వు తిన్నావా' అన్నా. ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం."

జల్లెడ నవ్వింది. చప్పుడు లేని నవ్వు. వెంటనే నవ్వు మింగేసి, "సంచిలో ఏముంది?" అని అడిగింది.

"నల్లగా, తడిగా ఉంది. మట్టి కాదు. వాసన మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ తగలని వాసన. చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. తడిసిన తాడు వాసన లాంటిది."

ఇంతలో బయట వ్యాను వెనక్కి వస్తున్న చప్పుడు. ఆ చప్పుడు రోజూ వినేదే. ఆ రోజు మాత్రం నలుగురూ ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు.

అతను దిగాడు. గుమ్మంలో వరసగా నిలబడ్డ మొహాలు చూశాడు. లోపల ఎర్ర టేపు చూశాడు. తల్లి చేతి పక్క మూత లేని గిన్నె చూశాడు. ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. వ్యాను తలుపు మెల్లగా మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు.

"సంచి ఏదీ?" అంది కోడలు.

అతను భార్య కళ్లలోకి చూశాడు. నోట్లో నీళ్లు నమిలే రకం కాదు. మాట రాకపోతే ఊరుకుంటాడంతే. పక్క సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, చిన్న గోనె సంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. అడుగు తడిసి నీరు కారుతోంది.

కోడలు సంచి మూతి తాడు విప్పింది. వాసన ముందు వచ్చింది. ఆమెకు ఆ వాసన తెలియదు. కానీ పక్కన జల్లెడ ముఖం మారిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చింది.

"సముద్రం," అంది.

మీటరు అటూ ఇటూ చూశాడు, సముద్రం వ్యానులో దిగిందేమోనన్నట్టు. ఆ చుట్టుపక్కల సముద్రం కాదు కదా, ఈత కొట్టదగ్గ చెరువు కూడా లేదు.

సముద్రం వాసనంటే చేప. చేపంటే మొక్క కాదు. అంటే వెనక వరస కూడా టేపు వెనక్కే. షెడ్డు తలుపులు కోడలి కళ్లముందే మూసుకున్నాయి. పట్టీ కదులుతున్న చప్పుడు చెవిలో వినబడింది. నిటారుది ఒక పక్కకు, వంకరది ఒక పక్కకు.

"చేపా?" అంది, భర్తను కాదు, జల్లెడను.

జల్లెడ అప్పటికే సంచిలో చెయ్యి పెట్టింది. నల్లగా అంటుకుపోయిన ముద్దలోంచి ఒక పోగు లాగి, వేళ్ల మధ్య సాగదీసి వెలుతురుకు పెట్టింది. సన్నటి ఆకు. ఎండ దాని గుండా పోయి ఆవిడ బొటనవేలి మీద ఆకుపచ్చటి నీడ వేసింది.

"కాదు. నాచు. సముద్రపు నాచు." ఆవిడ ఆ పోగును వేలికి చుట్టుకుంది. "నేను పుట్టింది ఒడ్డునే. చిన్నప్పుడు దీని మీద జారి పడని రోజు లేదు. ఇది మొక్కే. కానీ ఇది తాజాది. కోసి ఎంతోసేపు కాలేదు. దీన్ని ఇంత దూరం ఇలా తేలేరు, దారిలోనే కుళ్లిపోతుంది." అతని వైపు తిరిగింది. "మొక్క అయితే నాకు అభ్యంతరం లేదు. వెనక వరస నిలుస్తుంది, మీ షెడ్డూ నిలుస్తుంది. కానీ ఇది పెరిగిన నీళ్లు నేను చూడాలి. చూడకుండా సంతకం పెట్టను. ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు," అన్నాడతను.

"మరి?"

అతను షెడ్డులోకి నడిచాడు. టేపు కింది నుంచి వంగి, మధ్య వరస దాటి, వెనక గోడ దగ్గర ఆగాడు. అందరూ వెంట వెళ్లారు.

"చెప్పులు ఇక్కడ వదిలెయ్యండి. తడుస్తాయి."

కోడలు ఇనప తలుపును ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తుప్పు తాళం తలుపుకు వేలాడుతోంది గానీ కొండీకి తగిలించి లేదు. ఇన్నాళ్లలో ఒక్కరూ దాన్ని లాగి చూడలేదు. తలుపు కింది సందులో నేల తడిగా ఉంది. ఆ తడి మీద ఆకుపచ్చటి వెలుతురు సన్నటి గీతలా పడుతోంది.

తలుపు తోస్తాడనుకుంది. అతను తోయలేదు. వేలి కణుపుతో ఇనుము మీద మెల్లగా తట్టి, చెవి ఆనించి నిలబడ్డాడు.

లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు.